లాగ్ పుస్తకంలో ఎడమ పేజీ

మా బావ మీద నాకు కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత దాచుకునే పని ఉండదు. కంట్రోల్ రూములో ఆ రోజు డ్యూటీ చేసిన అధికారి మీద అంతకు పదింతలు కోపం. కానీ పరాయివాణ్ణి నాలుగు తిట్లు తిడితే కాస్త చల్లబడతాం. ఇంట్లోవాళ్ళ మీద కోపానికి ఆ సుఖం కూడా ఉండదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆయన షాపుకీ నా జిరాక్స్ షాపుకీ మధ్య ఒక రేకు గోడ, అంతే. ఆయన దగ్గితే నాకు వినపడుతుంది, నా మెషీన్‌లో కాగితం ఇరుక్కుంటే ఆయనకు తెలుస్తుంది. షాపు వెనక మెట్ల కింద ఒక చిన్న బల్ల, దాని మీద రేడియో సెట్, మైకు, ఏ వేళకు ఏ మాట వచ్చిందో, వెళ్ళిందో రాసుకునే, పెన్సిలు కట్టిన లాగ్ పుస్తకం. మేడ మీద యాంటెన్నా. పాటలు వినే రేడియో కాదది. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, తనలాంటి వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో. మా ఊళ్ళో ఆ పిచ్చి ఉన్నవాళ్ళు పదకొండు మంది. గాలివాన వస్తుందనగానే జనమంతా ఇళ్ళలోకి పరిగెత్తితే వీళ్ళు బయటికి పరిగెత్తుతారు. తలా ఒక చోట నిలబడి, మబ్బు ఎటు తిరుగుతోంది, గాలి ఎంత, నీళ్ళు ఎంత ఎక్కాయి అని చూసి సర్కారువారి కంట్రోల్ రూముకు చెప్తారు. ఫోన్లన్నీ చచ్చిన రోజు కూడా వీళ్ళ సెట్లు బతికే ఉంటాయి.

వీధిలో ఆయన్ని 'ఓవర్' అంటారు. సెట్టులో మాట ముగించినప్పుడు అనాల్సిన ఆ ముక్క ఆయనకు మామూలు మాటల్లో కూడా దొర్లుతుంది. పెళ్ళైన కొత్తలో అక్క "నీళ్ళు తోడాను, స్నానానికి రండి" అంటే "వస్తున్నా, ఓవర్" అన్నాడట. అక్క పాపం, ఓవరంటే తనకు ముద్దుపేరు పెట్టాడనుకుని సిగ్గుపడింది.

కొలతల విషయంలో మరీ చాదస్తం. ఒకసారి వడగళ్ళు పడుతుంటే నెత్తిన గిన్నె బోర్లించుకుని, చేతిలో స్కేలుతో బయటికి పోయాడు. "ఉసిరికాయంత ఉన్నాయని చెప్తే చాలదా!" అని అక్క గుమ్మంలోంచి అరిచింది. "ఎవరింటి ఉసిరికాయ? ఇరవై రెండు మిల్లీమీటర్లు" అన్నాడు తడుస్తూనే. ఆ గిన్నెకు పడిన సొట్టలు ఇప్పటికీ అక్క చుట్టాలందరికీ చూపిస్తుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. అసలు తంటా ఆయన పెట్టుకున్న నియమంతో వచ్చింది. సెట్టు మీద అట్టముక్క అంటించి తన చేత్తో రాసుకున్నాడు: 'చూసిందే చెప్పు.' దానికి ఒక కారణం ఉంది. ఆరేళ్ళ క్రితం ఒక వానలో ఎవరో ఫోన్ చేసి వంతెన కొట్టుకుపోయిందన్నారు. బావ ఆ మాటను ఉన్నదున్నట్టు కంట్రోల్‌కు చెప్పాడు. పురుటి నొప్పులతో ఉన్న ఒకమ్మాయిని తీసుకెళ్తున్న అంబులెన్సును చుట్టుదారిన తిప్పారు. గంట పట్టింది. దారిలోనే బిడ్డ పుట్టింది. దేవుడి దయ, తల్లీబిడ్డా దక్కారు. తీరా చూస్తే వంతెన చెక్కుచెదరలేదు, ఒక పక్క కమ్మీలు మాత్రం ఊడాయి. ఆ రోజు నుంచి బావ విన్న మాటను సెట్టులోకి రానివ్వడు.

నిజానికి వాళ్ళ పద్ధతిలో అంత పట్టింపు లేదు. విన్నదైతే విన్నదనే చెప్పొచ్చు. ఫలానా ఆయన చెప్పాడు, నేనింకా చూడలేదు అని పంపొచ్చు. కంట్రోల్‌లో కూర్చునే మాస్టారు ఆయనకు పదిసార్లు చెప్పారు. ఈయన వినలేదు. ఒకసారి పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగ చూసినా దూరం జరిగినట్టు, నియమాన్ని మెడకు ఉరిలా బిగించుకుని కూర్చున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం వేళకే ఆకాశం నల్లబడింది. రెండు రోజులుగా పైన ఎక్కడో కురుస్తూనే ఉంది, కాలువ నిండుగా ఉంది. పదకొండు మందీ సెట్ల దగ్గర ఉన్నారు. కంట్రోల్ రూములో వీళ్ళ తరఫున మాస్టారు కూర్చున్నారు. లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, ఆయన చేతిరాత అచ్చులా ఉంటుంది. వీళ్ళు చెప్పింది ఆయన ఫారం మీద రాసి, తిరిగి చదివి వినిపించి, తప్పు లేదని తేలాక డ్యూటీ అధికారి చేతికిస్తారు. సైరన్ మీట ఆ అధికారి బల్ల పక్కనే గోడకు ఉంటుంది.

రెండు గంటల ఐదు నిమిషాలకు బావ షాపులో ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టాడు గనక రేకు గోడ ఇవతల నాకూ వినపడింది. కాలువ గట్టు మీద పంపుహౌసులో పనిచేసే ఆయన.

"ఓవర్ గారూ, మూడో తూము దగ్గర గట్టు మీద నుంచి నీళ్ళు దొర్లుతున్నాయండీ! ఆఫీసు ఫోన్ ఎత్తట్లేదు. మీరు చెప్పండి!"

"నువ్వు చూశావా?"

"చూశానండీ బాబూ, నా కాళ్ళ మీద నుంచే పోతున్నాయి!"

"వస్తున్నా. నేనొచ్చి చూస్తా."

నేను అటు వెళ్ళి చూస్తుండగానే లాగ్ పుస్తకంలో రాశాడు. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టాడు, చేతి సెట్టు మెడలో వేసుకున్నాడు, స్కూటర్ ఎక్కాడు. అప్పటికి ఆయన చేతిలో మైకు ఉంది. మీట నొక్కి ఒక్క మాట చెప్తే మాస్టారు రాసుకునేవారు. చెప్పలేదు. చూడటానికి వెళ్ళాడు. దారిలో చెట్టు పడి ఉంటే స్కూటర్ అక్కడే పడేసి ఎదురుగాలిలో పరిగెత్తాడు. ఈలోగా గాలికి టవరు పడి ఊరందరి ఫోన్లూ మూగబోయాయి. ఆయన మూడో తూము చేరేసరికి రెండూ ఇరవై మూడు.

అక్కడి నుంచి మాత్రం నా బావను ఎవరూ వేలెత్తి చూపలేరు. గట్టు మీద పది అడుగుల మేర, నాలుగు అంగుళాల ఎత్తున నీళ్ళు దొర్లుతున్నాయని, కింద పల్లపు వీధి ఉందని, సైరన్ మోగించమని చెప్పాడు. మాస్టారు రాసి, చదివి వినిపించి, రెండూ ఇరవై అయిదుకు ఫారం అధికారి చేతిలో పెట్టారు.

ఆ మహానుభావుడు చదివాడు. "దీని మీద ఇంజనీరు సంతకం ఏది?" అన్నాడు.

"ఇంజనీరుగారికి ఫోన్ కలవడం లేదు సార్. మా మనిషి గట్టు మీదే నిలబడి చెప్తున్నాడు" అన్నారు మాస్టారు.

"మీ మనిషి ఏం చేస్తుంటాడు?"

"ఫ్రిజ్ మెకానిక్."

"ఫ్రిజ్ మెకానిక్ చెప్పాడని సైరన్ మోగిస్తే, రేపు ఏమీ కాకపోతే నన్ను అడుగుతారు. ట్రేలో పెట్టండి."

రెండూ నలభైకి బావ మళ్ళీ చెప్పాడు. పది అడుగులు పాతిక అడుగులయ్యాయన్నాడు. ఫారం ట్రేలోకి వెళ్ళింది. రెండూ యాభై రెండుకు గట్టు నెర్రె విచ్చిందన్నాడు. ఆ ఫారం కూడా ట్రేలోకే వెళ్ళింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు! మాస్టారు లేచి తానే మీట నొక్కబోతే జవాను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడట. మూడూ అయిదుకు గట్టు తెగింది. మూడూ తొమ్మిదికి సైరన్ మోగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు గానీ, ఇక్కడ కాలిన చేతులు ఆయనవి కావు.

బావ ఊరికే నిలబడలేదు. పంపుహౌసు ఆయన్ని పల్లపు వీధికి తరిమాడు. అతను తలుపు తలుపూ బాదాడు. కొందరు కదిలారు. ఎక్కువమంది, "సైరన్ మోగలేదుగా, మోగితే పోదాంలే" అన్నారు. వాళ్ళ తప్పేముంది? సైరన్ మోగితేనే కదలాలని ఏటేటా కాగితాలు పంచింది ఆ ఆఫీసే. ఆ కాగితాలు వేసింది నా మెషీనే.

వీధి చివరి ఇంట్లో వాచీల తాత ఉన్నాడు. ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడు. మెట్ల మీద జారి కాలు విరిగితే కట్టు వేశారు, మంచం మీదే ఉన్నాడు. ఆయన కూతురు టైలరమ్మ. మా వరసలోనే నాలుగో షాపు ఆవిడది. "సైరన్ వినపడగానే పరిగెత్తుకొచ్చేస్తా, నువ్వు భయపడకు నాన్నా" అని చెప్పి పనికి వచ్చింది. మధ్యాహ్నమంతా మిషన్ తొక్కడం ఆపి ఆపి చెవి రిక్కించి వింటూనే ఉంది. సైరన్ మోగగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. అప్పటికే వీధి మొదట్లోనే నీళ్ళు గొంతు దాకా ఉన్నాయి. ఇద్దరు మగవాళ్ళు ఆవిణ్ణి వెనక్కి లాగి పట్టుకున్నారు. ఊరంతటికీ పోయిన ప్రాణం అదొక్కటే. ఒక్కటే కదా అని తర్వాత చాలామంది అన్నారు. అన్నవాళ్ళందర్నీ గుర్తు పెట్టుకున్నాను.

రెండు నెలలకు విచారణ అన్నారు. మొదటి కబురు మూడూ రెండుకు అందిందని డ్యూటీ అధికారి రాసిచ్చాడు. మాస్టారు రాసిన ఫారాలు మూడూ కనపడకుండా పోయాయి. మాస్టారు నోటితో చెప్తే, నోటిమాట చెల్లదన్నారు. ఇక మిగిలింది బావ లాగ్ పుస్తకం ఒక్కటే.

విచారణకు రెండు రోజుల ముందు ఆ అధికారే బావ షాపుకు వచ్చాడు. పాత కంప్రెసరు పెట్టె మీద దుమ్ము దులుపుకుని కూర్చున్నాడు. గొంతు నిండా తేనె. నేను మెషీన్ ఆపేసి రేకు గోడకు చెవి ఆనించాను.

"మీ పుస్తకంలో రెండూ అయిదు ఫోన్ సంగతి కూడా ఉందటగా. చూడండి, నేను మీ మంచి కోరి చెప్తున్నా. అది బయటికొస్తే మీరూ ఇరుక్కుంటారు. లైసెన్సు పోతుంది. ఆ వానలో ఎవరి పుస్తకాలు తడవలేదు చెప్పండి? మీదీ తడిసిపోయిందనండి. అందరం ప్రశాంతంగా ఉంటాం."

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టి పుస్తకం వైపు చూశాడు. కనీసం బయటికి పొమ్మని కూడా అనలేదు. అరికాలి మంట నెత్తికెక్కి నేనే వెళ్ళాను.

"పుస్తకం పొడిగా ఉంది సార్. కావాలంటే ముట్టుకు చూడండి. తడిసింది వాచీల తాత" అన్నాను.

ఆయన లేచి, ప్యాంటు వెనక దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేదు. పుస్తకం తెరిచాను. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎడమ పేజీ అట్టడుగు వరసలో బావ రాత: '2.05. పంపుహౌసు నుంచి ఫోన్. మూడో తూము దగ్గర గట్టు మీదుగా నీళ్ళు. నేను చూడలేదు. చూడటానికి వెళ్తున్నాను.' అక్కడితో పేజీ అయిపోయింది. '2.23' కుడి పేజీలో పైన మొదలైంది. ఇరవై మూడు, ఇరవై అయిదు, నలభై, యాభై రెండు, అన్నీ కుడి పేజీలోనే.

"బావా, కుడి పేజీ ఒక్కటే జిరాక్స్ తీసి ఇస్తా. ఆ పెద్దమనిషి మెడకు చుట్టుకోవడానికి అది చాలు. ఎడమ పేజీ ఎవరూ అడగలేదు."

"అసలు పుస్తకమే తీసుకెళ్తా."

"ఎందుకు? నీ మెడ నువ్వే చాపడానికా? నీ పద్దెనిమిది నిమిషాలు చూపిస్తే వాళ్ళు ఆ నలభై నిమిషాల సంగతే మర్చిపోతారు. నీకు తెలీదా వాళ్ళ సంగతి?"

"తెలుసమ్మా."

"తెలిసీ..."

"రోజూ సెట్టు మూసేముందు ఆ వరస చదువుకుంటున్నా. 'నేను చూడలేదు.' మైకు చేతిలో ఉంది. 'పంపుహౌసు ఆయన చూశాడట' అంటే అయిపోయేది. అంత చిన్న మాట." ఆయన వేలు ఆ వరస మీదే ఉంది. "దాన్ని నేను దాచేస్తే ఆ అధికారికీ నాకూ తేడా ఏముంది?"

"తేడా ఉంది! నువ్వు పరిగెత్తావు, ఆయన కూర్చున్నాడు!" అని అరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. అక్క లోపలి నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్యవే. దాచిపెట్టి ఈయన బతకలేడు. ఆ వెర్రిమనిషితో ఇరవై ఏళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా?"

వదిలెయ్యలేదు. రెండు రోజులు బావతో మాట్లాడలేదు, అంతే. తా దూర కంత లేదు గానీ మెడకో డోలు అన్నట్టు, తన చావు తనకుండగా ఈయనకు ధర్మరాజు వేషం ఎందుకని నా మంట.

విచారణ పెద్ద హాల్లో జరిగింది. పైనుంచి వచ్చిన విచారణాధికారి మధ్యలో, డ్యూటీ అధికారి పక్కన వరసలో, టైలరమ్మ ముందు కుర్చీలో కూర్చున్నారు. బావను పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతులకు మాత్రం గ్రీజు వదల్లేదు. పుస్తకం తెరిచి ఎడమ పేజీ నుంచే మొదలుపెట్టాడు. సెట్టులో చదివినట్టే, ఒక్కో అంకె విడదీసి, నిదానంగా, గొంతు పెంచకుండా చదివాడు. 'నేను చూడలేదు' దగ్గర ఆగాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. తర్వాత 'చూడటానికి వెళ్తున్నాను' అని చదివి కుడి పేజీలోకి వచ్చాడు.

పూర్తయ్యీ కాకముందే డ్యూటీ అధికారి లేచాడు. "విన్నారా సార్? ఆయనే ఒప్పుకున్నాడు. పద్దెనిమిది నిమిషాలు కబురు తొక్కిపెట్టాడు!" దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

అప్పుడు టైలరమ్మ లేచింది. నేరుగా బావ వైపు తిరిగింది.

"అన్నయ్యా, మా షాపు నుంచి మా ఇంటికి ఎంతసేపు?"

"ఆరు నిమిషాలమ్మా."

"నాన్నను ఎత్తి పక్క డాబా మీదకు చేర్చడానికి?"

"ఇంకో అయిదు... ఆరు."

"అంటే నువ్వు అప్పుడే చెప్తే..."

"సైరన్ మోగి ఉంటే, సరిపోయేదమ్మా. చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆవిడ ముఖంలోకి చూడలేక నేను తల దించుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, డ్యూటీ అధికారి వైపు తిరిగింది.

"ఈయనవి పద్దెనిమిది. చదివాడు, విన్నాను. మీవి నలభై. మీరూ చదవండి, వింటాను."

ఆయన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. "ఆ రికార్డులు... అందుబాటులో లేవమ్మా."

"అయితే నోటితో చెప్పండి. ఆ నలభై నిమిషాలూ మీరేం చేశారు?"

"ఇది ఆ సందర్భం కాదు" అని విచారణాధికారి గంట కొట్టాడు. టైలరమ్మ నిలబడే ఉంది. ఆవిణ్ణి కూర్చోమని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. జిరాక్స్ షాపు కనక నా చేతికే ముందు వచ్చింది. 'స్వచ్ఛంద రేడియో కార్యకర్త కీలక సమాచారాన్ని పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం చేశాడు' అని ఒక వాక్యం. ఆ నలభై నిమిషాల గురించి 'సమన్వయ లోపం' అని రెండు మాటలు. ఈ సమన్వయ లోపం అనేవాడు ఏ బల్ల దగ్గర కూర్చుంటాడో, ఏ వేళప్పుడు టీ తాగుతాడో ఎక్కడా రాయలేదు. అధికారిని ఇంకో ఆఫీసుకు మార్చారు, అదీ పెద్ద గదిలోకి. బావ లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. సెట్టు మీద అక్క పాత దుప్పటి కప్పింది. వాన పడితే బావ ఇప్పటికీ మేడ మీదకు వెళ్ళి కొలిచి పుస్తకంలో రాస్తాడు. ఎవరికీ చెప్పడానికి లేదు. రాసి, కిందికొచ్చి, ఎవరిదో ఫ్రిజ్ తలుపుకు రబ్బరు వేస్తూ కూర్చుంటాడు. "నేను చెప్పాను కదా" అనాలని నాలిక దురద పెడుతుంది. ఆ ముఖం చూసి ఇప్పటిదాకా అనలేదు.

రిపోర్టు వచ్చిన వారానికి టైలరమ్మ నా షాపు మెట్లెక్కింది. ఒకే వరసలో ఉన్నా, ఆవిడ మా గుమ్మం ఎక్కడం ఆ వాన తర్వాత అదే మొదటిసారి.

"మీ బావ పుస్తకంలో ఆ పేజీలు కావాలి. డెబ్బై రెండు కాపీలు."

"అన్ని ఎందుకు?"

"మా వీధిలో ఇళ్ళు డెబ్బై రెండు. ప్రతి తలుపుకీ అంటిస్తా. వానలో పోతే మళ్ళీ అంటిస్తా." డబ్బులు బల్ల మీద పెట్టింది. "మీ బావను క్షమించానని మాత్రం ఎవరితోనూ అనకు. క్షమించలేదు."

"అనను" అన్నాను. ఆవిడ కోపం నాకు అర్థమయింది. పక్క షాపుకు వెళ్ళి పుస్తకం తెచ్చాను. బావ ఏమీ అడగకుండా ఇచ్చేశాడు. కుడి పేజీని అద్దం మీద బోర్లించి, మూత వేయబోతూ ఆగాను.

"ఆ అధికారి సంగతి ఇందులోనే ఉందమ్మా. ఇదొక్కటే వెయ్యనా?"

టైలరమ్మ పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. తనే ఎడమ పేజీ తిప్పి అద్దం మీద పెట్టింది.

"ముందు ఇది వెయ్యి. ఇది లేకపోతే రెండోది ఎవడు నమ్ముతాడు?"